సేవకు సాక్షి

అనాథలకు, వృద్ధులకు, వికలాంగులకు, మానసిక రోగులకు, మత్తు అలవాటు నుంచి బయటపడజూస్తున్నవారికి ఆశ్రయమిచ్చి పోషించే గృహాలన్నిటినీ ఆధునిక పరిపాలనా భాష ‘మానవ సేవా సంస్థలు’ అనే ఒక్క పేరు కింద చేరుస్తుంది. అటువంటి సంస్థను నడపదలచినవారు ముందుగా ప్రభుత్వం నుంచి అనుమతి పొందాలని, పొందిన తరువాత కూడా అధికారుల తనిఖీకి లోబడి ఉండాలని, లేనిపక్షంలో శిక్షార్హులవుతారని చెప్పే చట్టాలు అమెరికా రాష్ట్రాల్లోనూ భారతదేశంలోనూ ఉన్నాయి. పైకి చూస్తే ఇదంతా గదుల కొలతలు, మరుగుదొడ్ల సంఖ్య, అగ్నిమాపక ఏర్పాట్లు, సిబ్బంది అర్హతలు వంటి పొడి వివరాల వ్యవహారం. కాని దీని అడుగున మతతత్త్వానికి సంబంధించిన పాత ప్రశ్న ఒకటి దాగి ఉంది. దైవాజ్ఞగానో ధర్మంగానో మనిషి చేసి తీరవలసిన పనికి రాజు అనుమతి అవసరమా? అవసరమే అయితే ఆ ఆజ్ఞ దేవుడిదా, రాజుదా?

లైసెన్సు అనే మాటకు న్యాయశాస్త్రంలో ఉన్న అర్థాన్ని తెలుసుకుంటే ఈ ప్రశ్న ఎంత పదునైనదో తెలుస్తుంది. అందరికీ నిషేధించిన పనిని ఫలానా వ్యక్తి మాత్రం ఫలానా షరతులకు లోబడి చేయవచ్చునని ఇచ్చే మినహాయింపే లైసెన్సు. తుపాకి ఉంచుకోవడానికీ, సారా దుకాణం పెట్టుకోవడానికీ లైసెన్సు ఉండడంలో ఎవరికీ వింత తోచదు. అనాథ బిడ్డలను చేరదీసి గృహం నడపడానికి కూడా అదే తరహా పత్రం కావాలన్నప్పుడు, చేరదీయడం స్వతహాగా నేరమని, పత్రం చేతికి వచ్చాకనే అది పుణ్యంగా మారుతుందని ఒప్పుకున్నట్టవుతుంది. భక్తుడైనవాడికి ఈ తర్కం మింగుడుపడకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మొండితనమని కొట్టిపారేయదగిన అభ్యంతరం కూడా కాదు.

అయితే సేవ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు క్రియలు కలిసిపోయి ఉన్నాయి. గోదావరి లంకల్లోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ చూడకుండా, కులం అడగకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టింది. ఆ అన్నం తిన్న బాటసారి చేయి కడుక్కుని తన దారిన తాను వెళ్లిపోయేవాడు. ఇచ్చినవారికి పుచ్చుకున్నవారిపై ఆ పూట దాటి ఏ అధికారమూ మిగలదు. అనాథాశ్రమం అటువంటిది కాదు. అక్కడ చేరిన బిడ్డ తినడం, పడుకోవడం, చదవడం, ఏడవడం, ఎవరితో మాట్లాడడం, ఎవరితో మాట్లాడకపోవడం అన్నీ ఆశ్రయమిచ్చినవారి చేతిలో ఉంటాయి, గేటు తాళం సహా. మొదటిది దానం, రెండవది సంరక్షణ. దానంలో పుచ్చుకునేవాడు వద్దనగలడు, వెళ్లిపోగలడు. సంరక్షణలో ఆ రెండు స్వేచ్ఛలూ ఉండవు. ప్రభుత్వం లైసెన్సు అడుగుతున్నది కరుణకా, కరుణతో పాటు పుట్టే ఆ అధికారానికా అన్నది వివేచించకపోతే చర్చ మొదటి అడుగులోనే దారి తప్పుతుంది. (ఈ విభజన చట్టంలో ఇంత శుభ్రంగా లేదని కూడా చెప్పాలి: 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లాభం ఆశించినా ఆశించకపోయినా ఆహారం అందించే పనిని ఆహార వ్యాపారం కిందనే లెక్కగడుతుంది కనుక, నేటి అన్నదాన సత్రం కూడా పత్రాల పరిధి దాటి లేదు.)

ఈ సంఘర్షణ అత్యంత స్పష్టంగా బయటపడిన చోటు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం. లెస్టర్ రోలాఫ్ అనే బాప్టిస్టు బోధకుడు 1960ల చివర కార్పస్ క్రిస్టీ నగరం దగ్గర రెబెకా హోం అనే బాలికల గృహాన్ని స్థాపించాడు. ఇళ్లు విడిచి పారిపోయినవారు, మత్తుకు అలవాటుపడినవారు, తల్లిదండ్రులకు లొంగరని పేరు పడినవారు అక్కడికి చేరేవారు. వారికి బైబిలు పఠనం, ప్రార్థన, కఠినమైన క్రమశిక్షణ విధించేవారు. ఆ గృహానికి లైసెన్సు లేదు, తీసుకోవడానికి రోలాఫ్ సమ్మతించలేదు. 1973లో రాష్ట్ర అటార్నీ జనరల్ జాన్ హిల్ కోర్టుకెక్కినప్పుడు, తమను తోలు పట్టీలతో కొట్టారని, గొట్టాలకు సంకెళ్లతో కట్టేశారని, ఒంటరి గదుల్లో బంధించారని 16 మంది బాలికలు ప్రమాణ పత్రాలు ఇచ్చారు. బిడ్డను బెత్తంతో దిద్దడం సామెతల గ్రంథం విధించిన ధర్మమేనన్నది బోధకుడి సమాధానం. 1974లో రోలాఫ్‌కు కోర్టు ధిక్కారం కింద జైలుశిక్ష పడింది. సాంకేతిక కారణంతో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ లోపాన్ని పూడ్చేందుకు శాసనసభ 1975లో శిశు సంరక్షణ లైసెన్సింగు చట్టాన్ని తెచ్చింది. ఆ చట్టంపై రోలాఫ్ చేసిన అప్పీలును 1978లో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు. 1979 వేసవిలో గృహాన్ని మూయించడానికి అధికారులు వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచి వచ్చిన బోధకులు చేతులు కలిపి గొలుసుగా నిలబడి దారి మూసేశారు. 1836లో మెక్సికో సైన్యాన్ని ఎదిరించి టెక్సాస్ పోరాటకారులు మరణించిన అలామో కోట పేరు మీద దీన్ని వారు ‘క్రైస్తవ అలామో’ అని పిలుచుకున్నారు. 1982 నవంబరులో రోలాఫ్ విమాన ప్రమాదంలో మరణించాక కూడా వ్యాజ్యం ఆగలేదు. 1984లో టెక్సాస్ సుప్రీంకోర్టు, పిల్లల రక్షణ రాజ్యానికి అత్యవసర బాధ్యత అంటూ లైసెన్సు నిబంధనను సమర్థించింది. గృహం లైసెన్సు తీసుకోకుండా, అటువంటి పత్రం అడగని మిస్సోరీ రాష్ట్రానికి తరలిపోయింది.

ఈ కథను క్రూరుడైన బోధకుడికీ దయగల ప్రభుత్వానికీ మధ్య తగువుగా చెప్పడం తేలిక. కాని అతడి వాదంలోని తాత్త్విక భాగాన్ని క్రౌర్యపు ఆరోపణల నుంచి విడదీసి చూడకపోతే అసలు ప్రశ్న చేజారుతుంది. కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర, దేవుని దృష్టిలో నిర్మలమైన భక్తి ఏదన్న ప్రశ్నకు వచ్చే సమాధానంలో గుడి లేదు, బలి లేదు, దిక్కులేని పిల్లల, విధవల కష్టంలో వారిని పరామర్శించడం ఉంది. అంటే అనాథ సేవ భక్తికి అనుబంధం కాదు, భక్తి స్వరూపమే. అది నిజమైతే అనాథ గృహానికి లైసెన్సు అడగడమూ ప్రార్థనకు లైసెన్సు అడగడమూ ఒకటే అవుతుంది. బాప్టిస్టు సంప్రదాయానికి ఇందులో చారిత్రకమైన పట్టింపు కూడా ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో అనుమతి లేకుండా బోధించినందుకు బాప్టిస్టులు జైళ్లలో మగ్గారు. మత విషయంలో రాజ్యం చేయి పెట్టరాదన్న సూత్రం వారికి పుస్తకాల్లో చదువుకున్న సిద్ధాంతం కాదు, దెబ్బలు తిని నేర్చుకున్నది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు వచ్చి తెలుగు సంఘాలను నాటిన మిషనరీలదీ ఆ వంశమే, కాకపోతే రోలాఫ్ వెళ్లిన కొమ్మ వేరు. యేసు కైసరు నాణెం విషయంలో ఇచ్చిన జవాబును ఈ సంప్రదాయం గీత గీసినట్టు చదువుతుంది: పన్ను కైసరుది, మనస్సాక్షి కాదు.

ఈ వాదానికి రాజ్యం తరఫున సాధారణంగా వచ్చే జవాబు ‘పేరెన్స్ పేట్రియే’ అనే లాటిన్ సూత్రం. దేశానికి తండ్రి రాజే కనుక దిక్కులేనివారికి, తమ్ము తాము రక్షించుకోలేనివారికి అతడే సంరక్షకుడన్నది దాని భావం. ఆ సూత్రం ఇంగ్లండు ధర్మాసనాల నుంచి అమెరికాకు వలస వెళ్లింది. 1944 నాటి ప్రిన్స్ వర్సెస్ మసాచుసెట్స్ కేసులో, తన సంరక్షణలోని తొమ్మిదేళ్ల బాలికను వెంటబెట్టుకుని వీధిలో మతపత్రికలు పంచిన యెహోవా సాక్షుల సభ్యురాలికి బాలకార్మిక చట్టం కింద పడిన శిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పెద్దలు తమ విశ్వాసం కోసం తాము బలి కావచ్చు గాని, ఎదిగి స్వయంగా నిర్ణయించుకునే వయసు రాని పిల్లలను బలి చేసే హక్కు వారికి లేదన్నది ఆ తీర్పు సారం. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని జనపద నివేశ ప్రకరణం కూడా అనాథలైన బాలురను, వృద్ధులను, ఆపన్నులను రాజు పోషించాలని విధిస్తుంది; ఆ వెంటనే, భార్యాబిడ్డలకు జీవనాధారం కల్పించకుండా సన్యసించేవాడిని దండించాలని కూడా చెబుతుంది. పుణ్యకార్యమైనా సరే, దాని భారం నోరు లేనివారి మీద పడుతున్నప్పుడు రాజు కలుగజేసుకుంటాడన్నమాట.

ఐనా ఈ జవాబు సంపూర్ణం కాదు. రాజు తండ్రి అనడం ఒక రూపకం మాత్రమే; రూపకాలతో భక్తుడి నోరు మూయించవచ్చు గాని అతడిని ఒప్పించలేం. దేవుడే తండ్రి అయినచోట రాజు తండ్రినని చెప్పుకోవడం అతడి దృష్టిలో పోటీ విగ్రహాన్ని నిలబెట్టడమే. కనుక మతాన్ని బయటి నుంచి కాకుండా లోపలి నుంచి అడగడం మేలు. భగవంతుడు చూస్తున్నాడన్న భయం ఉన్నవాడికి మనుషుల చూపు అనవసరమని ఏ మతమైనా నిజంగా చెప్పిందా?

గ్రంథాలు తిరగేస్తే కనిపించేది దాదాపు దీనికి వ్యతిరేకం. ఖురాన్‌లోని నిసా సూరా ఆరవ ఆయతు, అనాథల ఆస్తిని వారు యుక్తవయస్సు చేరాక తిరిగి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలని సంరక్షకులను ఆదేశిస్తుంది. లెక్క చూడడానికి దేవుడు చాలునని అదే ఆయతు ముగింపులో చెబుతూ కూడా మనుషుల సాక్ష్యాన్ని మాఫీ చేయదు. దైవసాక్ష్యం ఉంది కనుక మానవ సాక్ష్యం అక్కరలేదన్న వాదానికి ఇంతకన్నా సూటిగా తలుపు మూయడం కష్టం. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, యెరూషలేములోని పేదల కోసం పోగైన చందాను తీసుకుపోయే విషయంలో తనతో పాటు సంఘాలు ఎంచుకున్న మనుషులను కూడా పంపుతున్నానని, ప్రభువు ఎదుటనే కాక మనుషుల ఎదుట కూడా నిందకు చోటు ఉండకూడదన్నదే తన జాగ్రత్త అని చెబుతాడు. రోలాఫ్ చేతిలో ఉన్నదీ ఇదే బైబిలు.

బౌద్ధ వినయ పిటకంలోని మహావగ్గం చెప్పే ఘట్టం మరింత ఆలోచింపజేస్తుంది. బుద్ధుడు తన కుమారుడు రాహులుణ్ణి బాల్యంలోనే సంఘంలో చేర్పించినప్పుడు, ముందే కొడుకునూ మరొక కుమారుణ్ణీ సన్యాసానికి వదులుకున్న రాజు, రాహులుడి తాత శుద్ధోదనుడు వచ్చి, ఈ దుఃఖం చర్మాన్ని, మాంసాన్ని, ఎముకను దాటి మూలుగ దాకా కోస్తున్నదని నివేదించుకుని, ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేకుండా బిడ్డలను చేర్చుకోవద్దని కోరతాడు. బుద్ధుడు ఆ కోరికను మన్నించి దాన్ని సంఘ నియమంగా చేస్తాడు. రాజు అక్కడ ఆజ్ఞాపించలేదు; తాతగా వచ్చాడు. అయినా పరమ కరుణామూర్తి నడుపుతున్న సంస్థ కూడా బయటివారి బాధను విని తన తలుపు దగ్గర ఒక షరతు పెట్టుకుంది. కరుణ గొప్పదైనంత మాత్రాన దాని వల్ల ఎవరికీ నొప్పి కలగదని ఆ కథ అనుకోలేదు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించుకుని వెళ్తున్న శిష్యుడికి గురువు చేసే ఉపదేశంలో దానం ఎలా చేయాలో చెప్పే వరుస ఉంది. శ్రద్ధ, సంపద, సిగ్గు అనే మాటల తరువాత భయం కూడా అక్కడ చేరుతుంది. దాత భయపడాలట. అడుక్కునేవాడికి కాక ఇచ్చేవాడికి భయం ఎందుకో ఉపనిషత్తు విడమరచలేదు. వ్యాఖ్యాతలు పాపభయమనో, పరలోకభయమనో అన్వయించవచ్చు. కాని ఆశ్రయమిచ్చే సంస్థల చరిత్ర తెలిసినవారికి వేరొక అర్థం స్ఫురిస్తుంది: ఇవ్వగలిగినవాడి చేతిలో ఉన్న బలం తనకే భయం కలిగించాలి. భయం లేని దాత తన మంచితనాన్ని తానే ధ్రువీకరించుకుంటాడు. తనిఖీ అన్నది ఆ భయానికి సంస్థ రూపంలో దొరికే ప్రతిరూపమే. గీత పదిహేడవ అధ్యాయంలో దేశాన్ని, కాలాన్ని, పాత్రుణ్ణి బట్టి దానాన్ని మూడు గుణాలుగా విభజించినప్పుడు, చెడ్డ దానమన్నది కూడా ఉంటుందని, ఇవ్వడమనే క్రియ ఒక్కటే దాన్ని పవిత్రం చేయదని ఒప్పుకున్నట్టే.

ఇక్కడ మూడు వేర్వేరు ఏర్పాట్లను విడదీసుకోవాలి, ఎందుకంటే వాదోపవాదాల్లో ఇవి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. అనుమతి అంటే ప్రభుత్వం ముందుగా ‘ఊఁ’ అనాలి. నమోదు అంటే ఇలాంటి గృహం ఇక్కడ ఉంది, ఇంతమంది ఉన్నారు అని ప్రభుత్వానికి తెలియజేయాలి, ప్రభుత్వం దాన్ని పుణ్యమనీ అనదు, పాపమనీ అనదు. తనిఖీ అంటే బయటివాడు లోపలికి వచ్చి చూడాలి, లోపలివారితో ఒంటరిగా మాట్లాడాలి. భక్తుడి మనస్సాక్షికి గాయం చేసేది మొదటిది. బిడ్డను కాపాడేది ప్రధానంగా మూడవది. లైసెన్సు కాగితాన్ని మతచిహ్నంలా చూసే ధోరణి రోలాఫ్‌తో ముగియలేదు. ఫిలడెల్ఫియా నగరంలో తాత్కాలికంగా పిల్లలను పెంచే కుటుంబాలను అర్హులుగా ధ్రువీకరించే క్యాథలిక్ సంస్థ ఒకటి, స్వలింగ దంపతులను ధ్రువీకరించడమంటే వారి బంధాన్ని ఆమోదించడమేనని నిరాకరించినప్పుడు, 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. నగరం తన ఒప్పందంలో అధికారి ఇష్టం మీద మినహాయింపులు ఇచ్చే వీలు ఉంచుకుని, ఈ సంస్థకు మాత్రం నిరాకరించడం చెల్లదన్నది ఆధారం. ఫిలడెల్ఫియాలో పత్రం ఇచ్చే చేయి మతసంస్థది, రోలాఫ్ కథలో పుచ్చుకునే చేయి. రెండు చోట్లా సంతకం అంటే తీర్పు అనే భావనే పనిచేసింది.

మనస్సాక్షికీ తనిఖీకీ రాజీ కుదిర్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 1997లో టెక్సాస్ శాసనసభ, మత సంస్థల గృహాలు రాష్ట్రం బదులు క్రైస్తవ సంస్థల సంఘం ఒకదాని నుంచి గుర్తింపు పొందే వెసులుబాటు కల్పించింది. ఒకే విశ్వాసం ఉన్నవారు ఒకరినొకరు పరిశీలించుకుంటే మనస్సాక్షి చెదరదన్నది ఆలోచన. రోలాఫ్ పేరుతో నడిచే గృహాలు ఆ నీడలో టెక్సాస్‌కు తిరిగి వచ్చాయి. 2000లో బాలుర గృహంలో హింస ఆరోపణలపై అరెస్టులు జరిగాయి. 2001లో శాసనసభ ఆ ఏర్పాటును పొడిగించకుండా వదిలేసింది. ఈ ప్రయోగం విఫలం కావడానికి కారణం పరిశీలకులు క్రైస్తవులు కావడం కాదు. సాక్షి అనే మాటకు చూసినవాడు అనే కాక, పక్షం లేనివాడు అనే అర్థం కూడా ఉంది. సోదరుడి ఇంటిని చూడడానికి వెళ్లిన సోదరుడు అతిథిగా వెళ్తాడు.

మిస్సోరీ మరో దారి నడిచింది. 1982 నుంచి అక్కడ మతసంస్థల గృహాలకు లైసెన్సు మినహాయింపు ఉండేది, వాటి లెక్క కూడా రాష్ట్రం దగ్గర ఉండేది కాదు. దాదాపు 40 ఏళ్ల తరువాత, పలు గృహాల పూర్వ విద్యార్థులు బయటికి వచ్చి శాసనసభ ఎదుట సాక్ష్యం చెప్పాక, 2021 జులైలో కొత్త చట్టం వచ్చింది. అది లైసెన్సు అడగలేదు. గృహం తన ఉనికిని తెలియజేయాలని, సిబ్బంది నేరచరిత్రను పరిశీలింపజేయాలని, తల్లిదండ్రులు ముందుగా చెప్పకుండా వచ్చి బిడ్డను చూడవచ్చునని చెప్పింది. ఆ చట్టం వచ్చిన తరువాత, అటువంటి గృహాల్లో ఒకటైన, స్టాక్టన్ పట్టణం దగ్గరి బాలుర బోర్డింగు పాఠశాల 2023 జనవరిలో మూతపడింది. అనుమతి అనే మాటను వదులుకుని సాక్షి అనే భావాన్ని నిలుపుకున్న ఈ చట్టం, శాసనకర్తలు అలా ఆలోచించి రాసినా రాయకపోయినా, నిసా సూరాకూ పౌలు పత్రికకూ టెక్సాస్ చట్టం కంటే దగ్గరగా ఉంది.

భారత రాజ్యాంగంలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన కొస ఉంది. 26వ అధికరణం మతశాఖలకు ఇచ్చే హక్కుల్లో మొదటిదే మతపరమైన, ధర్మపరమైన ప్రయోజనాల కోసం సంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు. అంటే యాకోబు పత్రిక అన్నట్టుగానే దానధర్మాన్ని మతంతో ఒకే వాక్యంలో కలిపి చెప్పింది. ఆ హక్కు ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి ఉంటుంది. ఈ చట్రంలోనే 1956లో మహిళా, శిశు సంస్థల లైసెన్సింగు చట్టం, 1960లో అనాథాశ్రమాల, ఇతర ధర్మగృహాల పర్యవేక్షణ, నియంత్రణ చట్టం వచ్చాయి. పేర్లలోనే ఒకటి అనుమతినీ మరొకటి పర్యవేక్షణనూ పట్టుకోవడం గమనించదగింది. 2015 నాటి బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ నమోదు అనే మాట వాడింది. నమోదు చేయించని గృహ నిర్వాహకులకు 42వ సెక్షన్ ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించింది. 2017 మే 5న సుప్రీంకోర్టు ఆ ఏడాది చివరికల్లా దేశంలోని బాలల సంస్థలన్నీ నమోదు కావాలని ఆదేశించవలసి వచ్చిందంటే, అప్పటిదాకా ఎన్ని గృహాలు ఎవరి లెక్కలోనూ లేకుండా నడిచాయో ఊహించుకోవచ్చు.

అయితే ఈ దేశంలో విశ్వాసానికీ సంరక్షణకూ మధ్య ముడి అత్యంత బాధాకరంగా బయటపడింది బాలల గృహంలో కాదు, ఎర్వాడిలో. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ ఊరి దర్గా మానసిక వ్యాధులను మాన్పుతుందన్న నమ్మకంతో మతభేదం లేకుండా కుటుంబాలు రోగులను తీసుకొస్తాయి. స్వస్థత కలిగిందని స్వప్నంలో సూచన వచ్చేదాకా ఆగాలన్న విశ్వాసం ఉండడంతో, ఆ నిరీక్షణ కాలం కోసం దర్గా చుట్టూ ప్రైవేటు వసతిగృహాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక గృహంలో మంటలు రేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉన్నందువల్ల కదలలేక 28 మంది కాలిపోయారు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అప్పటికే ఎనిమిదేళ్లుగా అమలులో ఉంది. లైసెన్సు లేకుండా అటువంటి గృహం నడపరాదని అది చెబుతూనే ఉంది. గృహాలు నడిపినవారి దృష్టిలో అవి ఆస్పత్రులు కావు, యాత్రికుల బసలు. దర్గాకు రావడం విశ్వాసం, స్వప్నం కోసం వేచి ఉండడం విశ్వాసం. గొలుసు ఎవరి విశ్వాసం? కట్టినవారిదా, కట్టించుకున్నవారిదా? ఈ ప్రశ్న వేయవలసినవాడు రోగి, అతడిని ఎవరూ అడగలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మానసిక రోగులను ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించినప్పుడు, అది వైద్యానికో మతానికో మినహాయింపు పెట్టలేదు.

లైసెన్సు ఉంటే చాలునన్న భ్రమ కూడా అంతే ప్రమాదకరం. బిహారులోని ముజఫర్‌పూర్ బాలికల ఆశ్రయగృహం ప్రభుత్వ గుర్తింపుతో, ప్రభుత్వ ధనంతోనే నడిచింది. ముంబయి టాటా సామాజిక విజ్ఞాన సంస్థకు చెందిన ‘కోశిశ్’ బృందం సామాజిక తనిఖీ చేసి బాలికలతో విడిగా మాట్లాడాకనే 2018లో అక్కడి లైంగిక హింస లోకానికి తెలిసింది. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. పత్రం గోడకు వేలాడుతూనే ఉంది, దాని కింద జరుగుతున్నదాన్ని ఆపలేదు. మరోవైపు పత్రాన్ని ఇచ్చే చేయి దాన్ని లాక్కునే చేయి కూడా అవుతుంది. విదేశీ విరాళాలు స్వీకరించేందుకు మదర్ థెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి ఉన్న నమోదును 2021 క్రిస్మస్ నాడు కేంద్రం పునరుద్ధరించ నిరాకరించి, తరువాతి జనవరిలో మళ్లీ పునరుద్ధరించింది. అది గృహ నిర్వహణ లైసెన్సు కాదు, వేరే చట్టం కిందిది. కాని అనుమతి అనే భావన వెంట ఏ భయం ఉంటుందో చూపడానికి అది చాలు. రోలాఫ్ భయానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. అతడి తప్పు రాజ్యాన్ని శంకించడంలో లేదు, తనను శంకించుకోకపోవడంలో ఉంది.

ఇక్కడిదాకా వచ్చిన వాదం పెద్దవారి విషయంలో తడబడుతుంది. ఆశ్రమంలో స్వచ్ఛందంగా చేరి, ఇల్లు, ఆస్తి, పేరు వదులుకున్న వయోజనుడిని పసిబిడ్డలా లెక్కించి సాక్షిని పంపడం అతడి విశ్వాసాన్ని అవమానించడమే కావచ్చు. కాని ఏళ్ల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం తెగిన మనిషి ‘నా ఇష్టంతోనే ఉన్నాను’ అన్నప్పుడు ఆ మాటలో ఎంత ఇష్టం, ఎంత అలవాటు, ఎంత భయం ఉన్నాయో విడదీయగల పరికరం కోర్టుల దగ్గర గాని, తత్త్వశాస్త్రం దగ్గర గాని లేదు. డొక్కా సీతమ్మ అరుగు మీద నుంచి లేచి వెళ్లిపోగల బాటసారికీ, గేటు లోపలి బిడ్డకూ మధ్య ఎక్కడో అతడు నిలబడి ఉన్నాడు.

బిడ్డల విషయంలో మాత్రం మిస్సోరీ చట్టంలోని ఒక్క వాక్యం దగ్గర మళ్లీ ఆగవలసి ఉంది. చెప్పకుండా వచ్చి చూసే హక్కు అది తల్లిదండ్రులకు ఇచ్చింది. తల్లిదండ్రులు లేని బిడ్డ కోసం ఎవరు వస్తారన్న ప్రశ్నకు భారతీయ బాల న్యాయ చట్టం 54వ సెక్షన్‌లో ఒక జవాబు ఉంది. ముగ్గురికి తగ్గకుండా, వారిలో ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి ఉండేటట్టుగా, మూడు నెలలకు ఒకసారైనా ఒక బృందం ఆ గేటు తట్టాలి.